మాస్ రీకంపైల్‌కి ముందు కంట్రోల్ స్పెక్ ఒకసారి చూసుకోండి

మార్చి 31 క్లోజింగ్‌కో, ఓఎస్ కొత్త రిలీజ్‌కో ముందు ఐబీఎం ఐ (ఐబీఎం బిజినెస్ సర్వర్ల ఓఎస్) మీద ఆర్‌పీజీ అనే భాషలో రాసిన వందల ప్రోగ్రాములు ఒక్కసారే రీకంపైల్ చేయాల్సి రావొచ్చు. హైదరాబాద్ ఆఫీసుల్లో దాన్ని ఇప్పటికీ ఏఎస్ 400 అనే అంటారనుకోండి. కోడ్‌లో అక్షరం మారకపోయినా మర్నాడు ప్రోగ్రాం వేరేలా నడవొచ్చు. మొదట కంపైల్ చేసినవాళ్లు కంపైల్ కమాండ్ మీద ఎఫ్4 నొక్కి ఇచ్చిన ఆప్షన్లు సోర్సులో లేకపోవడమే కారణం. వాళ్లు ఈపాటికి కంపెనీ మారిపోయి ఉంటారు.

ఆప్షన్లు సోర్సులోనే రాసి పెట్టమనేది ఇందుకే. ఆర్‌పీజీలో వాటి చోటు సోర్సు మొదట్లో ఉండే కంట్రోల్ స్పెక్: పాత కోడ్‌లో హెచ్ స్పెక్, 2013 నుంచి ఫ్రీ ఫార్మాట్‌లో సీటీఎల్-ఓపీటీ. కమాండ్‌లో ఒకటి, సోర్సులో ఇంకొకటి ఉంటే సోర్సు మాటే చెల్లుతుంది. కోబాల్‌లో ఈ పని ప్రాసెస్ స్టేట్‌మెంట్‌ది, సీఎల్‌లో డీసీఎల్‌పీఆర్‌సీఓపీటీది.

అయితే రాసేటప్పుడు ఒక చిక్కుంది. సోర్సులో కంట్రోల్ స్పెక్ లేకపోతే కంపైలర్ లైబ్రరీ లిస్టులో (జాబ్ వరసగా వెతికే లైబ్రరీలు) ఆర్‌పీజీఎల్‌ఈహెచ్‌స్పెక్ అనే డేటా ఏరియా (కాస్త సమాచారం దాచే ఆబ్జెక్టు) కోసం వెతుకుతుంది. కొన్ని చోట్ల అందరికీ కావలసిన ఆప్షన్లు అందులోనే పెట్టేస్తారు, ఉదాహరణకి తేదీని రోజు, నెల, ఏడాది వరసలో చూపే డేట్ ఎడిట్ డీఎంవై. డంప్‌లో (ప్రోగ్రాం లోపలి విలువల ప్రింటు) లైను నంబర్లు సోర్సుతో కలవాలని ఎవరో ఒక ప్రోగ్రాంలో సోర్స్ స్టేట్‌మెంట్ ఆప్షన్ ఒక్కటి చేర్చారనుకోండి. ఆ ఒక్క లైనుతో డేటా ఏరియాను కంపైలర్ అసలు చూడదు, డేట్ ఎడిట్ డిఫాల్ట్ అయిన ఎండీవైకి (నెల ముందు) పోతుంది. ఎర్రర్ రాదు. ఏప్రిల్ 5న తీసిన రిపోర్టు మీద 4/05 అని పడుతుంది, చదివేవాళ్లు మే 4 అనుకుంటారు. కాబట్టి ఒక్క ఆప్షన్ చేర్చినా డేటా ఏరియాలో ఉన్నవన్నీ ఆ సోర్సులోకి దించాల్సిందే. అన్నీ, ప్రోగ్రాములన్నీ కలుపుకునే ఒక కాపీ మెంబర్లో పెట్టుకుంటే ఇంకా సుఖం.

రీకంపైల్‌కి ముందు డీఎస్‌పీపీజీఎం (ప్రోగ్రాం వివరాలు చూపే కమాండ్) కొట్టి, ప్రతి ప్రోగ్రాం యాక్టివేషన్ గ్రూపు (జాబ్‌లో అది నడిచే విభాగం), యూజర్ ప్రొఫైల్ (ఎవరి అధికారాలతో నడవాలనే ఆప్షన్) రాసుకోండి. ఓవర్‌రైడ్‌లు (ఒక ఫైలు బదులు ఇంకోటి వాడమనడం లాంటివి), కమిట్‌మెంట్ కంట్రోల్ (మార్పులన్నీ కలిపి ఖాయమో రద్దో చేయడం) ఎంతవరకు పనిచేయాలో తేల్చేది ఆ గ్రూపే. సోర్సు దాని ఊసెత్తకపోతే డిఫాల్ట్ గ్రూపులో పడిపోతుంది. కంపైల్ ఫెయిలైతే అదృష్టం, వెంటనే తెలుస్తుంది. ఏ గొడవా లేకుండా అయిపోయిన వాటితోనే టెన్షన్. గ్రూపు ఆప్షన్లు మాడ్యూల్ (తర్వాత ప్రోగ్రాంలో కలిపే భాగం) కంపైల్‌లో చెల్లవు. ప్రోగ్రాంగానూ మాడ్యూల్‌గానూ కంపైలయ్యే సోర్సైతే వాటిని కండిషనల్ డైరెక్టివ్‌లో పెట్టండి.

చెడిన అంకెల డేటాను సరిచేసే ఫిక్స్ నంబర్ ఆప్షన్ కూడా చూడండి. ఫైల్లో బ్లాంకులున్న జోన్డ్ (అంకెల) ఫీల్డు ఇన్నాళ్లూ దాని పుణ్యానే నెట్టుకొచ్చి ఉంటే, అది పోగానే డెసిమల్ డేటా ఎర్రర్ వస్తుంది.

ఎంబెడెడ్ ఎస్‌క్యూఎల్ ఉంటే సెట్ ఆప్షన్ స్టేట్‌మెంట్ సోర్సులో మిగతా ఎస్‌క్యూఎల్ అన్నిటికంటే ముందు ఉండాలి. కమిట్ సంగతి అక్కడ చెప్పకపోతే కమాండ్ డిఫాల్ట్ స్టార్ ఛేంజ్ వర్తిస్తుంది. అప్పుడు జర్నల్ (మార్పుల రికార్డు) లేని ఫైలును అప్‌డేట్ చేయబోతే ఎస్‌క్యూఎల్ కోడ్ మైనస్ 7008తో ఆగిపోతుంది.

టార్గెట్ రిలీజ్ (ఏ ఓఎస్ రిలీజ్ కోసమో), డీబగ్ వ్యూ (డీబగ్గర్లో సోర్సు ఎలా కనబడాలో) మాత్రం ఆర్‌పీజీ కంట్రోల్ స్పెక్‌లో ఇవ్వలేం. అక్కడుండే డీబగ్ కీవర్డ్ డంప్ లాంటి వాటి కోసం, డీబగ్ వ్యూకి దానితో సంబంధం లేదు. పాత ప్రోగ్రాం మీదే రీప్లేస్ చేస్తే యూజర్ ప్రొఫైల్ ఆప్షన్‌ను పట్టించుకోదు, మార్చాలంటే సీహెచ్‌జీపీజీఎం కమాండ్ వాడాలి. పాత ఆబ్జెక్టు క్యూఆర్‌పీఎల్ఓబీజే అనే లైబ్రరీలోకి వెళ్తుంది కానీ ఐపీఎల్‌తో (సిస్టమ్ రీస్టార్ట్) అది ఖాళీ అయిపోతుంది. దాన్ని బ్యాకప్ అనుకోకుండా ముందే సేవ్ ఫైల్లోకి తీసి ఉంచండి.