పెచ్చెరువు నుంచి కైలాసద్వారం దాకా నడవడం ఎలా?

ఆత్మకూరు దగ్గరి వెంకటాపురంలో మొదలై నల్లమల గుండా శ్రీశైలం చేరే కాలిబాట నలభై కిలోమీటర్ల పైమాటే. నాగలూటి, దామెర్లకుంట, పెచ్చెరువు, మఠంబావి, భీమునికొలను, కైలాసద్వారం దాని మజిలీలు. మొదటిరోజు పెచ్చెరువు చేరి రాత్రి అక్కడే పడుకుంటే, అసలు నడక రెండోరోజుది. కైలాసద్వారం ఎక్కుడు గురించి అందరూ భయపెడతారు. నన్నడిగితే మోకాళ్లు పట్టేసేది భీమునికొలనుకు దిగేటప్పుడే. బలమంతా అక్కడికి దాచుకోవాలి.

ముందుగా ఏ రోజుల్లో నడవొచ్చో చూసుకోండి. ఇది నాగార్జునసాగర్–శ్రీశైలం పులుల అభయారణ్యం. యాత్రికులకు ఈ దారి తెరిచేది శివరాత్రికి, ఉగాదికే. ఏయే తేదీల్లో వదులుతారో ఆ ఏడు అటవీశాఖ ప్రకటన చూసి బయల్దేరాలి. మొదటిసారి నడిచేవాళ్లకు శివరాత్రే నయం. ఉగాదినాటికి ఎండ ముదురుతుంది, ఆకు రాలి నీడ పలచబడుతుంది. కాకపోతే ఉగాదికి వచ్చే కన్నడ భక్తుల సందడి వేరు. భ్రమరాంబను వాళ్లు తమ ఇంటి ఆడబిడ్డగా చూసుకుంటారు. ఆ గుంపు వెనక పడితే ఎవర్నీ దారి అడగక్కర్లేదు.

సంచి తేలిగ్గా ఉండాలి. స్టీలు సీసాల్లో రెండు లీటర్ల నీళ్లు, రెండు జొన్నరొట్టెలు, చెనిగ్గింజల పొడి, కాసిన్ని బొరుగులు, బెల్లం ముక్క, ఓఆర్‌ఎస్ పొట్లాలు, టార్చి. పండగ రోజుల్లో దారిలో నీళ్లు, అన్నదానం దొరుకుతాయి గానీ వాటినే నమ్ముకుని ఖాళీ సీసాతో కదలొద్దు. ప్లాస్టిక్ అసలు వద్దు. కొత్త బూట్లు ఇంట్లోనే వదిలేయండి, అరిగి కాలికి అలవాటైనవే వేసుకోండి. మొక్కు ఉండి ఒట్టి కాళ్లతో నడిచేవాళ్లు కూడా సంచిలో ఒక జత చెప్పులు పెట్టుకుంటే మంచిది.

పెచ్చెరువులో బాగా తెల్లారాకే బయల్దేరండి. మసకచీకట్లో చెరువు అంచుకు పోవద్దు, అడవి జంతువులు నీళ్లకు వచ్చే వేళ అది. చెరువు నీళ్లు కాచకుండా తాగొద్దు. పక్కనున్నది చెంచుల గూడెం. వాళ్ల గుడిసెల ముందు నిలబడి ఫోటోలు తీయడం మర్యాద కాదు. దారి గురించి వాళ్లు చెప్పింది మాత్రం చెవిన పెట్టండి. ఎదురొచ్చే యాత్రికుల్ని ఎంత దూరమని అడిగితే "ఇంగెంత, ఈడనే" అంటారు. ఆ మాట నమ్మి నీళ్లన్నీ తాగేయొద్దు!

మఠంబావి దగ్గర కాసేపు కూర్చుని, సీసాలు నింపుకుని లేవండి.

అక్కడినుంచి కొంత నడిచాక నేల ఒక్కసారిగా లోయలోకి దిగుతుంది. రెడ్డిరాజుల కాలంనాటివని చెప్పే రాతిమెట్లు ఒక్కోటి ఒక్కో ఎత్తులో, జనం నడిచి నడిచి నున్నబడి ఉంటాయి. చేతికర్ర ముందు కిందిమెట్టు మీద ఆనించి, తర్వాత పాదం మొత్తం మోపండి. మెట్టు మరీ ఎత్తుగా ఉంటే పక్కకు తిరిగి దిగండి. వెనకాల "చేదుకో మల్లన్నా, ఆదుకో మల్లన్నా" అంటూ పరుగున వచ్చేవాళ్లకు దారి ఇచ్చేయండి, వాళ్లతో పోటీ పడొద్దు. కాళ్లు వణకడం మొదలైతే అక్కడే కూర్చోవాలి. ఇంకో పది మెట్లే కదా అనుకున్నప్పుడే కాలు మడతపడేది.

కొలను దగ్గర అరగంట ఆగి, తినేది అక్కడే తినండి. పొగ, నిప్పు వద్దు. ఎండాకులు అంటుకుంటాయి, తేనెపట్టు ఉంటే ఈగలు లేస్తాయి.

ఆ తర్వాతంతా ఎక్కుడే. ఇరవై, ముప్పై మెట్లకోసారి నిలబడి ఊపిరి తీసుకోండి, మాటలు తగ్గించండి. చాలాచోట్ల ఫోన్ సిగ్నల్ అందదు కాబట్టి తోడొచ్చినవాళ్లు విడిపోతే కైలాసద్వారం దగ్గర కలుసుకోవాలని పొద్దున్నే అనుకోండి.

కైలాసద్వారం నుంచి హాటకేశ్వరం వెళ్లి రోడ్డెక్కొచ్చు. అక్కడినుంచి శ్రీశైలం ఐదు కిలోమీటర్లు. మోకాలు వాచి ఉంటే ఆ ఐదూ బస్సులోనే పోండి, మల్లన్న ఏమీ అనుకోడు. తిరుగు ప్రయాణానికి దోర్నాల, ఆత్మకూరు మీదుగా కర్నూలు పోయే బస్సులున్నాయి. పండగ రద్దీలో సీటు కోసం గంటలకొద్దీ నిలబడాల్సి రావొచ్చు, దర్శనమయ్యాక ఆ రాత్రి అక్కడే ఉండి మర్నాడు బయల్దేరండి.