రాక్ బృందం పట్టిక గీయడం: నాలుగో పాఠం

పోయిన పాఠంలో పాట వింటూ ఒక్కో వాద్యాన్ని విడిగా పట్టుకోవడం చూశాం. ఈసారి పని చెవికి కాదు, చేతికి: బృందంలో ఏ ఏడు ఎవరు ఏ పని చేశారో చూపే పట్టిక గీయాలి. ఒక మార్కాపురం పలక, బలపం తీసుకోండి. కాగితం వద్దు. ఈ పట్టిక నాకే మూడుసార్లు చెరిపితే గానీ కుదరలేదు.

నమూనాగా డీప్ పర్పుల్‌ను తీసుకుందాం. 1968లో ఇంగ్లండులో మొదలైన బృందం. చాలామంది మనిషికో గీత గీస్తారు. పద్నాలుగు గీతలయ్యేసరికి పలక నిండుతుంది, బుర్రకు ఏమీ ఎక్కదు. గీత మనిషికి కాదు, పనికి గీయాలి: గానం, గిటార్, బేస్ (మంద్ర స్వరాల గిటార్), కీబోర్డు, డ్రమ్స్. పైన సంవత్సరాలు వేసి, మనిషి మారిన చోట గీతను నిలువుగా కోయండి.

డ్రమ్స్ గీతలో పేరు మారే కోతే లేదు, మొదటినుంచీ ఇయాన్ పేస్. కీబోర్డుకు ఒక్కటే: 2002లో జాన్ లార్డ్ స్థానంలోకి డాన్ ఐరీ వచ్చాడు. అవస్థంతా గానంతోనే. రాడ్ ఎవాన్స్ తర్వాత 1969లో ఇయాన్ గిలన్, 1973లో డేవిడ్ కవర్‌డేల్, 1984లో మళ్లీ గిలన్, 1989లో జో లిన్ టర్నర్, 1992లో ఇంకోసారి గిలన్!

గీత మీద మనిషికో అక్షరం గుర్తుగా రాసేటప్పుడు, తిరిగొచ్చినవాడికి కొత్త గుర్తు పెట్టకండి. మా కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970లో కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి పోయింది, 1972లో ఆ జిల్లాకు ప్రకాశం అని పేరు పెట్టారు, 2022లో ఊరు మళ్లీ నెల్లూరు జిల్లాకే వచ్చింది. ఏ పటంలోనైనా కందుకూరు అనే రాస్తాం కదా. గిలన్‌కూ మూడుచోట్లా ఒకే అక్షరం.

1976 నుంచి 1984 దాకా ఐదు గీతలూ ఖాళీ. బృందమే లేదు. పలక అందంగా కనిపించాలని ఆ ఖాళీని అతికించవద్దు.

గిటార్‌లో రిచీ బ్లాక్‌మోర్ 1975లో వెళ్లాడు, టామీ బోలిన్ వచ్చాడు. 1984లో తిరిగొచ్చిన బ్లాక్‌మోర్ 1993లో మళ్లీ వెళ్లిపోయాడు. అప్పుడు కొన్ని కచేరీలకు ఆదుకున్న జో సాట్రియానీకి చుక్కల గీత చాలు. 1994 నుంచి 2022 దాకా స్టీవ్ మోర్స్, ఆపైన సైమన్ మెక్‌బ్రైడ్.

బేస్ గీత మీకు అభ్యాసం. నిక్ సింపర్, రోజర్ గ్లోవర్, గ్లెన్ హ్యూజ్, మళ్లీ గ్లోవర్. సంవత్సరాలు నేను చెప్పను. మూడు కోతలూ గానం గీతలోని మొదటి మూడు కోతలకు తిన్నగా కిందికి రావాలి. రాకపోతే చెరిపి మళ్లీ గీయండి.