ఒక్క పేజీలో సాహసం: పోటీకి రాసేవారికి

ఒకరు కథ నడుపుతుంటే మిగతావాళ్లు పాత్రలై పాచికలతో ఆడే రోల్-ప్లేయింగ్ ఆటల కోసం సాహసాలు రాసే పోటీ వన్ పేజ్ డంజన్ కాంటెస్ట్ (డంజన్ అంటే నేలమాళిగ). 2009లో మొదలైన ఈ పోటీ నియమం పేరులోనే ఉంది: మ్యాప్, రాత అంతా ఒకే పేజీ. రాజుగారి వంశచరిత్రకే సగం పేజీ పోగొట్టుకోకండి; పూర్వకథకు రెండు వాక్యాలు చాలు.

ముందు మ్యాప్ గీయండి. ఆరేడు గదులు, కనీసం ఒక చుట్టుదారి. లేకపోతే ఆటగాళ్లకు ఎంచుకోవడానికేమీ ఉండదు.

గదికి మూడు వరుసలు: కనబడేది, ముట్టుకుంటే జరిగేది, దక్కేది. "గది భయంకరంగా ఉంది" అంటే ఎవరూ కదలరు. "బావి గిలక దానంతటదే తిరుగుతోంది, చేద ఇంకా తడిగా ఉంది" అనండి, చెయ్యి అటే పోతుంది.

తాళం ఎలా తీయాలి వంటి కీలక రహస్యానికి మూడు ఆధారాలు మూడుచోట్ల పెట్టండి. రెండు ఎలాగూ చూడరు. పాచిక సరిగా పడకపోతే దొరకని ఆధారం ఒక్కటే ఉంటే ఆట అక్కడే ఆగిపోతుంది.

ఏ4 మీద నలుపు-తెలుపులో ప్రింట్ తీసి ఇంకొకరిని ఆట నడపమనండి. మీరు నోరు మెదపకండి. వాళ్లు తడుముకున్న ప్రతి వివరాన్నీ మ్యాప్ మీదికే చేర్చండి.