పొందూరు ఖద్దరుతో ఆవో జాయ్ తరహా దుస్తు

వియత్నాం మహిళలు ప్యాంటు మీద ధరించే పొడవాటి పైదుస్తు ఆవో జాయ్‌కూ మన చుడీదార్‌కూ పైకి పోలిక కనిపించినా, అసలు తేడా కత్తిరింపులో ఉంది. ఆ కత్తిరింపును వదలకుండా బట్టనూ పొడవునూ మార్చుకుంటే, విశాఖపట్నం ఉక్కపోతలోనూ ఆఫీసుకు హాయిగా వేసుకోవచ్చు.

పట్టు పెళ్లిళ్లకు బాగుంటుంది గానీ, రోజువారీకి శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరే నా ఎంపిక. చేత్తో వడికిన ఆ సన్నని నూలు చెమటను పీల్చుకుంటుంది, ఒంటికి బరువనిపించదు. మోకాలి కింది వరకు వచ్చే పైదుస్తుకు 44 అంగుళాల పన్నా ఉన్న బట్ట సుమారు మూడుంపావు మీటర్లు సరిపోతుంది. ఒంటికి అమరే దుస్తు కాబట్టి, కత్తిరించే ముందే బట్టను రాత్రంతా నీటిలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి.

అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ భుజాల దగ్గర అవసరం. 1930లలో హనోయ్ చిత్రకారుడు న్యుయెన్ కాత్ తూంగ్ ఈ దుస్తును శరీరాకృతికి తగ్గట్టు మార్చగా, తరువాతి దశాబ్దాల్లో సైగాన్ దర్జీలు దానికి రాగ్లాన్ చేతులను జోడించారు. ఈ పద్ధతిలో చేతి కుట్టు భుజం చివర కాకుండా మెడ దగ్గర మొదలై ఏటవాలుగా చంక వరకు దిగుతుంది కాబట్టి, భుజం మీదా చంక దగ్గరా ముడతలు తగ్గుతాయి. కుడివైపు ఆ ఏటవాలు గీతనే తెరుచుకునేలా ఉంచి టిచ్ బటన్లు కుట్టాలి. చంక నుంచి నడుము దాకా హుక్కులు పెట్టాలి. జాకెట్లు కుట్టడంలో చేయి తిరిగిన దర్జీకి సైతం ఈ కోత కొత్తే కావచ్చు. అందుకని ముందుగా చవక లైనింగు గుడ్డతో ఒక నమూనా కుట్టించుకుని, చేతులు పైకెత్తి, ముందుకు చాచి సరిచూసుకున్న తరువాతే ఖద్దరు మీద కత్తెర పెట్టించండి.

కాలరు నిలువుగా, అంగుళంన్నర మించకుండా, పలుచని కాన్వాసుతో ఉంటే మెడకు గుచ్చుకోదు.

పక్క చీలికలు చుడీదార్‌లో తుంటి దగ్గర మొదలైతే, ఆవో జాయ్‌లో నడుముకు కాస్త పైనే మొదలవుతాయి. ఈ దుస్తు అందమంతా నడిచేటప్పుడు ముందు వెనుక భాగాలు విడివిడిగా కదలడంలోనే ఉంది, కనుక చీలికలను కిందికి దించవద్దు. ఒళ్లు కనిపిస్తుందన్న సంకోచం ఉంటే ప్యాంటు నడుమును రెండంగుళాలు ఎత్తించుకోండి. బీచ్ రోడ్డు గాలికి ఆ భాగాలు ఎగిరిపోకుండా, అంచును రెండంగుళాల వెడల్పున లోపలికి మడిచి చేత్తో కుట్టిస్తే తగిన బరువు వస్తుంది.