న్యూజిలాండ్ ఉత్తర దీవిలో కారు యాత్ర: ముందు లో టైడ్ చూడండి, తర్వాతే హోటల్

ఆక్లాండ్‌లో కారు తీసుకుని వైపోవా అడవి, కొరమాండల్ తీరం, రొటోరువా, టొంగరీరో చుట్టి రావడానికి 8 రోజులు కావాలి. మ్యాప్ చూస్తే 5 రోజులు సరిపోతాయనిపిస్తుంది గానీ దారంతా మలుపులే. హైవే మీద 100 వేగం అనుమతించినా సగటు 65 దాటదనుకుని లెక్క వేసుకోండి. హోటళ్లు బుక్ చేసేముందు కొరమాండల్‌లో ఇసుక తవ్వితే వేడినీరు ఊరే హాట్ వాటర్ బీచ్‌లో సముద్రం ఏ వేళకు వెనక్కి తగ్గుతుందో (అదే లో టైడ్) చూసి, మిగతా తేదీలను దాని చుట్టూ సర్దుకోండి.

మనలాగే అక్కడా ఎడమవైపే నడపాలి. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్సు పనికొస్తుంది. తికమక పెట్టేవి ఒకే వరుసలో బండ్లు పోగల ఇరుకు వంతెనలు. బోర్డు మీద మీ వైపు బాణం చిన్నగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివారికి దారివ్వాలి. డీజిల్ బంకులో చౌకగా కనిపిస్తుంది, కానీ డీజిల్ బండికి కిలోమీటర్ల లెక్కన రోడ్డు పన్ను వేరే ఉంటుంది. అద్దె ఖరారు చేసేముందు అది కలిపారో లేదో అడగండి. ఆక్లాండ్‌కు ఉత్తరాన ఉన్న టోల్ రోడ్డులో గేటు ఉండదు, 5 రోజుల్లోపు ఆన్‌లైన్‌లో కట్టాలి.

ఆవకాయ, పొడులు, స్వీట్లు ఏవి తెచ్చినా విమానాశ్రయంలో డిక్లేర్ చేయండి. దాచితే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మట్టి అంటిన బూట్లు కూడా చెప్పాల్సిందే. ఇంటి దగ్గరే కడిగి పెట్టుకుంటే హాయి.

వైపోవాలో అక్కడి మహావృక్షాలైన కౌరీ చెట్లను చంపే తెగులు మట్టి ద్వారా వేళ్లకు పాకుతుంది. గుండుసూది తలంత మట్టి చాలు. దారి మొదట్లో బూట్లు శుభ్రం చేసుకునే స్టేషన్‌లో ముందు బూట్ల అడుగు బ్రష్‌తో పూర్తిగా గీకి, ఆ తర్వాతే వాటికి క్రిమిసంహారక మందు చల్లుకోండి. మట్టి పొర ఉంటే మందు కిందికి దిగదు. చెక్కదారి దిగకండి, కౌరీ వేళ్లు నేలకు పైపైనే ఉంటాయి. 51 మీటర్ల పైచిలుకు ఎత్తున్న కౌరీ చెట్టు టానే మహుటా రోడ్డుకు కొద్ది నిమిషాల నడకలోనే ఉంటుంది.

హాట్ వాటర్ బీచ్‌లో గుంత తవ్వుకునే వ్యవధి లో టైడ్‌కు ముందు 2 గంటలు, తర్వాత 2 గంటలు. ఆ వేళ రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పార అద్దెకు దొరుకుతుంది. వేడినీరు బీచంతా ఊరదు. రాళ్ల ముందున్న కొద్దిమేరలోనే వస్తుంది, మరోచోట ఎంత తవ్వినా చన్నీళ్లే. నీరు 64 డిగ్రీల దాకా ఉండొచ్చు కాబట్టి దిగేముందు కాలివేలితో చూసి, సముద్రం వైపు గట్టును కొంచెం తెరిచి చల్లనీరు కలుపుకోండి. అలలు పెద్దవైన రోజు లో టైడ్‌లోనూ ఆ చోటు బయటపడదు. లోపలికి లాగే ప్రవాహాలుంటాయి, అక్కడ ఈత వద్దు.

రొటోరువాలో కుళ్లిన గుడ్ల వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. వెండి నల్లబడుతుంది, పట్టీలు తీసి పెట్టుకోండి. దగ్గర్లోని వైఓటపు వేడినీటి బుగ్గల పార్కులో లేడీ నాక్స్ గీజర్‌ను (నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట) రోజూ 10:15కి సబ్బు వేసి లేపుతారు. గీజర్ ప్రధాన ద్వారం దగ్గర ఉండదు, టికెట్ కొని మళ్లీ కారులో వెళ్లాలి. అందుకే 9:30కల్లా చేరండి.

టొంగరీరో ఆల్పైన్ క్రాసింగ్ అగ్నిపర్వతాల మీదుగా సాగే కాలిదారి, దాదాపు 20 కి.మీ., 7 నుంచి 8 గంటల నడక. మంగటెపోపో వైపు నుంచి మొదలుపెడితే ఎక్కుడు తక్కువ. సీజన్‌లో అక్కడి పార్కింగ్‌కు 4 గంటలే గడువు. కారును దారి ముగిసే కెటెటాహీ వైపు వదిలి షటిల్ బస్సులో మొదటికి వెళ్లండి. దారిలో తాగునీరు దొరకదు, తలకు కనీసం 2 లీటర్లు మోయండి. రెడ్ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం నుంచి దిగే వాలులో బూడిద, గులకరాళ్లు జారతాయి. మడమ బలంగా ఆనించి దిగండి. మైదానంలో ఎండ కాస్తున్నా పైన గాలి నిలువనీయదు. గాలివాన సూచన ఉంటే షటిల్‌ వాళ్లే రద్దు చేస్తారు, కాబట్టి ఇక్కడ 2 రోజులు ఖాళీగా ఉంచండి. రెండూ పోతే ఫకపాపా ఊరి నుంచి టరనకీ జలపాతం దాకా వెళ్లి రావడానికి 2 గంటల నడక ఉంది. నీరు పాత లావా అంచు మీంచి 20 మీటర్లు దూకుతుంది, వానలో ఇంకా జోరుగా.