స్ట్రాట్ గిటార్‌కి పికప్‌లు మార్చే ముందు జాగ్రత్తలు

• పికప్‌లంటే తీగల కదలికను విద్యుత్ సిగ్నల్‌గా మార్చే అయస్కాంత భాగాలు. కొత్తవి కొనే ముందే పాతవాటిని కొలవండి. స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) తరహా ఎలక్ట్రిక్ గిటార్లన్నీ ఒకే కొలతలో ఉండవు. పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింద ఉండే భాగాలు) కూడా చూసుకోండి: సింగిల్ కాయిల్‌కి (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) సాధారణంగా 250 కిలో ఓమ్‌లు, హంబకర్‌కి (రెండు చుట్టలున్నది) 500.

• ఆంప్ (యాంప్లిఫయర్) కేబుల్ తీసేయండి. బిగుతుగా ఉన్న గిటార్ తీగల్ని కత్తిరించొద్దు, వదులు చేశాకే తీయండి.

• ఏ వైరు ఎక్కడ అతికి ఉందో ముందే ఫొటో తీసుకోండి. వైర్ల రంగులు కంపెనీని బట్టి మారతాయి కాబట్టి కొత్త పికప్‌తో వచ్చిన బొమ్మనే నమ్మండి.

• అన్నిటికన్నా నాకు టెన్షన్ పికప్ చుట్టూ ఉండే రాగి తీగ గురించే. అది వెంట్రుకంత సన్నం. పక్కనే స్క్రూ తిప్పుతుంటే అయస్కాంతం స్క్రూడ్రైవర్‌ని తన వైపు లాగుతుంది. మొన జారి తీగ ఒక్కచోట తెగితే పికప్ పనికిరాకుండా పోవచ్చు. అందుకే ముందుగా దానిమీద చిన్న అట్టముక్క కప్పండి.

• సోల్డరింగ్ చేసేటప్పుడు గిటార్ బాడీ మీద మందపాటి గుడ్డ, కళ్లకు అద్దాలు, తెరిచిన కిటికీ తప్పనిసరి. పాట్ వెనక ఐరన్‌ని ఎక్కువసేపు ఆనిస్తే లోపలి ట్రాక్ పాడవొచ్చు. సోల్డర్‌లో సీసం ఉండొచ్చు, చేతులు కడుక్కున్నాకే తినండి.

• పిక్‌గార్డ్ (పికప్‌లు అమర్చి ఉండే ముందు పలక) బిగించే ముందు ఆంప్‌కి కలిపి, వాల్యూమ్ తగ్గించి, పికప్ పైభాగాన్ని స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టండి. టక్ మని వినిపిస్తే బిగించేయొచ్చు.