సిటీకొచ్చిన వలస కూలీ బాధ్యత ఎవరిది? ఏ కష్టానికి ఎవర్ని పట్టుకోవాలి

హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ఎవర్నడిగినా పక్కోడి వైపు చూపిస్తారు. బిల్డర్‌ని అడిగితే మేస్త్రీని అడగమంటాడు, మేస్త్రీ ఏమో పైనుంచి బిల్లు రాలేదంటాడు, ఆఫీసుకి పోతే మీది ఒడిశా కదా మీ రాష్ట్రం వాళ్ళని అడగండి అంటారు, ఒడిశాకి ఫోన్ చేస్తే పని అక్కడ చేశారు కదా అక్కడే తేల్చుకోండి అంటారు. ఇట్లా తిరిగి తిరిగి విసిగిపోయి చేతికొచ్చిన నాలుగు పైసలతో రైలెక్కేస్తారు పాపం. నేను చెప్పేదేంటంటే బాధ్యత ఎవరిదో చట్టంలో చాలావరకు రాసే ఉంది, కాకపోతే అన్నిటికీ ఒక్కరే కాదు, కూలి డబ్బులకి ఒకరు, బియ్యానికి ఒకరు, పిల్లల బడికి ఇంకొకరు. ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తెలిస్తే ఇంత తిప్పలు ఉండవు. మీ ఊరోళ్ళు ఎవరైనా సిటీలో పనిచేస్తున్నా, మీ ఇంటి పక్క సైట్‌లో రేకుల షెడ్లలో ఉండేవాళ్ళకి సాయం చెయ్యాలని మీకున్నా ఇది పనికొస్తుంది.

ముందు ఒక మాట. "వాళ్ళని రానిచ్చిందెవరు" అనే వాదన పెట్టుకోకండి, టైం వేస్ట్. రాజ్యాంగం 19వ ఆర్టికల్ ప్రకారం దేశంలో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కడైనా ఉండొచ్చు, దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ఇంక ఈ సిటీకి వాళ్ళతో అవసరం ఎంతుందో 2020లో చూశాం. లాక్‌డౌన్ పెట్టగానే కూలి ఆగిపోయింది, సంగారెడ్డి దగ్గర కందిలో ఐఐటీ బిల్డింగులు కడుతున్న కూలీలు మా జీతాలివ్వండి, మమ్మల్ని ఊరికి పంపండి అని ఏప్రిల్ చివర్లో రోడ్డు మీదికొచ్చారు, మే 1 పొద్దున్నే లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకి దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు కదిలింది, దాదాపు 1200 మందితో. వాళ్ళు పోయాక ఇక్కడ పనులు ఆగితే మళ్ళీ రప్పించడానికి టికెట్లు బుక్ చేసింది కూడా బిల్డర్లే. అవసరమైనప్పుడు టికెట్ కొనిచ్చినవాళ్ళకి కూలి ఇవ్వాల్సిన బాధ్యత లేదంటే నేనొప్పుకోను.

కూలి డబ్బులు రాకపోతే

ఎక్కువగా వచ్చే కష్టం ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. మేస్త్రీ అడ్వాన్స్ ఇచ్చి ఊర్నుంచి గుంపుని తీసుకొస్తాడు, వారం వారం ఖర్చులకి కొంత ఇస్తాడు, మిగతాది పని అయ్యాక లెక్క చూస్తా అంటాడు, ఆ లెక్క దగ్గరే మోసం జరుగుతుంది, కొన్నిసార్లు మేస్త్రీ ఫోనే స్విచాఫ్. అప్పుడు అందరూ చేసే పని మేస్త్రీ కోసం వెతకడం. వెతకండి, కాని వాడు దొరకలేదని ఆగిపోవద్దు. కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే పని చేయించుకున్న అసలు యజమాని కట్టాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. ఇది 1970 కాంట్రాక్ట్ లేబర్ చట్టంలోనే ఉంది, పాత కార్మిక చట్టాల్ని కలిపేసి 2025 నవంబర్ 21న అమల్లోకి తెచ్చిన కొత్త లేబర్ కోడ్లలోనూ ఉంది. అంటే "నేను మేస్త్రీకి ఇచ్చేశాను, నాకు సంబంధం లేదు" అని బిల్డర్ అంటే అది చట్టం ముందు చెల్లదు.

మరి అసలు యజమాని ఎవరో తెలిసేదెట్లా? చాలామంది కూలీలకి సైట్ పేరే తెలీదు, "ఆ పెద్ద టవర్లు" అంటారంతే. సైట్ గేటు దగ్గర పర్మిషన్ నంబర్‌తో బోర్డు ఉంటుంది, దాన్ని ఫోటో తియ్యండి. అపార్ట్‌మెంట్ ప్రాజెక్ట్ అయితే బ్రోషర్ మీదో హోర్డింగ్ మీదో రెరా (రియల్ ఎస్టేట్ ప్రాజెక్టుల్ని చూసే సర్కారు సంస్థ) నంబర్ ఉంటుంది, ఆ నంబర్ తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో కొడితే ప్రమోటర్ పేరు, అడ్రస్ వచ్చేస్తాయి. ఇది చిన్న విషయంలా కనిపిస్తది కాని అర్జీలో "మేస్త్రీ ఫలానా" అని మాత్రమే రాస్తే ఆ కాగితం అక్కడే పడుంటుంది, కంపెనీ పేరు అడ్రస్ రాస్తే నోటీసు పోతుంది.

ప్రూఫ్ ఏమీ లేదు సార్ అంటారు చాలామంది. ఉంటుంది, మనం ప్రూఫ్ అనుకోం అంతే. మేస్త్రీ ఫోన్‌పేలో వేసిన వెయ్యి రూపాయలు, వాట్సాప్‌లో రేపు పని ఎన్నింటికో చెప్పిన వాయిస్ మెసేజ్, గేటు దగ్గర ఇచ్చిన పాస్, హెల్మెట్ పెట్టుకుని దిగిన సెల్ఫీ, రోజూ హాజరు రాసుకున్న చిన్న నోట్‌బుక్, ఇవన్నీ పనికొస్తాయి. రాసుకునే అలవాటు లేకపోతే ఇవాళే మొదలుపెట్టించండి, తారీఖు, ఎన్ని గంటలు, ఎంత తీసుకున్నాం, మూడే మూడు.

తర్వాత ఆ ఏరియా అసిస్టెంట్ లేబర్ ఆఫీసర్‌కి అర్జీ. ఊరి అడ్రస్‌ని బట్టి కాదు, పని జరిగిన చోటుని బట్టి ఆఫీసు, అందుకని మీ రాష్ట్రం పో అంటే పోవద్దు. ఒక్కొక్కరు విడిగా కాకుండా గుంపంతా కలిసి పేర్లు, రోజులు, రావాల్సిన మొత్తం టేబుల్ లాగా రాసి సంతకాలో వేలిముద్రలో పెట్టి రెండు కాపీలు తీసుకెళ్ళండి, రెండో దాని మీద స్టాంప్ వేయించుకోకుండా బయటికి రావొద్దు. పాత చట్టాల్లో 6 నెలలు, ఏడాది అని గడువులు ఉండేవి, కొత్త వేతన కోడ్‌లో మూడేళ్ళ దాకా ఇచ్చారు, అయినా లేట్ చెయ్యకండి, గుంపు చెదిరిపోతే సాక్షులు దొరకరు.

అడ్వాన్స్ తీర్చేదాకా కదలనివ్వం అని ఫోన్లు లాక్కుని, గేటు దాటనివ్వకపోతే అది కూలి గొడవ కాదు, వెట్టి చాకిరీ, 1976 చట్టం. అప్పుడు లేబర్ ఆఫీస్ కాదు, కలెక్టర్‌కో ఆర్డీఓకో చెప్పాలి, విడిపించే బాధ్యత వాళ్ళది. ఇటుక బట్టీల్లో ఒడిశా బలాంగీర్ వైపు నుంచి వచ్చిన కుటుంబాల విషయంలో ఇది గుర్తుపెట్టుకోండి. విడిపించాక రిలీజ్ సర్టిఫికెట్ తీసుకోవడం మర్చిపోవద్దు, ఆ అప్పు రద్దయినట్టే, పునరావాస సాయం కూడా ఆ కాగితం మీదే వస్తుంది.

సైట్‌లో ప్రమాదం జరిగితే

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల బిల్డింగ్ కూలి 61 మంది చనిపోయారు, అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్ళే. అంత పెద్దది జరిగింది కాబట్టి అందరూ మాట్లాడారు. మూడో అంతస్తు నుంచి ఒక్కడు పడి చనిపోతే మాత్రం మేస్త్రీ వచ్చి చేతిలో లక్షో రెండు లక్షలో పెట్టి ఒక కాగితం మీద సంతకం తీసుకుని అంబులెన్స్ మాట్లాడి రాత్రికి రాత్రే ఊరికి పంపించేస్తాడు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే.

చావు విషయంలో పరిహారం చేతికి ఇచ్చేది కాదు. యజమాని ఆ డబ్బుని కమిషనర్ దగ్గర డిపాజిట్ చెయ్యాలి, నేరుగా ఇచ్చింది చట్టం లెక్కలో పరిహారం ఇచ్చినట్టు కాదు, "ఇంక మాకేమీ అక్కర్లేదు" అని రాయించుకున్న కాగితానికీ విలువ లేదు. మన దగ్గర ఈ కేసులు చూసే కమిషనర్ అంటే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో ఉండే అసిస్టెంట్ కమిషనర్ లేదా డిప్యూటీ కమిషనరే. కాబట్టి ఇంట్లోవాళ్ళు ఇప్పటికే సంతకం పెట్టేసినా సరే కేసు వెయ్యొచ్చు, రెండేళ్ళు దాటనివ్వకండి. ఇక్కడ కూడా కాంట్రాక్టర్ లేడంటే అసలు యజమాని దగ్గరే అడగొచ్చు.

దీనికి మొదటి రోజే చెయ్యాల్సినవి ఉన్నాయి. ఎఫ్ఐఆర్‌లో సైట్ పేరు, పని చేస్తుండగా పడ్డాడు అనే మాట రెండూ ఉండాలి, ఊరికే "కింద పడి చనిపోయాడు" అని రాస్తే తర్వాత తల ప్రాణం తోకకొస్తుంది. పోస్ట్‌మార్టం తప్పనిసరిగా చేయించాలి. దెబ్బ తగిలి బతికినవాళ్ళయితే ఆస్పత్రి చీటీలో కూడా దెబ్బ ఎట్లా తగిలిందో రాయమని డాక్టర్‌ని అడగండి. లాయర్ ఖర్చు అని భయపడొద్దు, 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్ళు, ఎస్సీ ఎస్టీలకి, ఆడవాళ్ళకి, కార్మికులకి ఉచితంగా లాయర్‌ని పెడతారు.

సెస్ డబ్బు

కట్టించేవాళ్ళు నిర్మాణ ఖర్చులో 1 శాతం కార్మికుల సంక్షేమం కోసం సెస్ (పన్ను లాంటిది) కట్టాలి, 1996 నుంచి ఉంది ఈ రూలు. 100 కోట్ల టవర్ కడితే కోటి రూపాయలన్నమాట. అది నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డుకి పోతుంది, ఆ బోర్డులో పేరు ఉన్న కార్మికుడికి ప్రమాద సాయం, ప్రసూతి సాయం లాంటివి వస్తాయి. ఏ రాష్ట్రం నుంచి వచ్చాడనేది కాదు, ఎక్కడ కడుతున్నాడనేది ముఖ్యం, కాబట్టి బీహార్ మనిషికైనా తెలంగాణ బోర్డులో హక్కుంది. 18 నుంచి 60 ఏళ్ళ వయసు, గత ఏడాదిలో 90 రోజుల పని చేసి ఉండాలి. ఇక్కడ రిజిస్టర్ చేయించడం మీసేవలో అయిపోతుంది. పని చేసినట్టు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతారు, మేస్త్రీ ఇవ్వడు, అప్పుడు యూనియన్ వాళ్ళని పట్టుకోండి, అడ్డాల మీద ఎవరో ఒకరు ఉంటారు. ఈ-శ్రమ్ కార్డు ఉంది కదా అని ఇది వదిలెయ్యొద్దు, రెండూ వేరు. ఈ-శ్రమ్ 2021లో కేంద్రం పెట్టిన లిస్టు, అది కూడా చేయించండి, కాని సెస్ డబ్బు ఈ బోర్డు దగ్గరే ఉంది.

బియ్యం

ఇక్కడ బాధ్యత కేంద్రానిది, ఇచ్చే చెయ్యి మాత్రం లోకల్ డీలర్‌ది. వన్ నేషన్ వన్ రేషన్ కింద ఊరి కార్డు మీదే ఇక్కడ ఏ షాపులోనైనా తీసుకోవచ్చు, మనిషికి నెలకి 5 కిలోలు. కార్డు చేతిలో లేకపోయినా నంబర్ చెప్పి వేలిముద్ర వేస్తే చాలు. సగం కుటుంబం ఊళ్ళో ఉంటే అక్కడ కొంత, ఇక్కడ కొంత తీసుకోవచ్చు, అది తెలీక చాలామంది ఊళ్ళోవాళ్ళకి ఆగిపోతుందేమోనని ఇక్కడ అడగనే అడగరు. ఒక చిక్కుంది, కేంద్రం ఆహార భద్రత లిస్టులో ఉన్న కార్డులకే ఇది పనిచేస్తుంది. ఆంధ్రా రైస్ కార్డులన్నీ ఆ లిస్టులో లేవు, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు ఊళ్ళోనే కనుక్కుని రావడం మంచిది. డీలర్ లేదు పొమ్మంటే 14445కి చెయ్యండి. వలస కూలీలందరికీ ఈ పద్ధతి అమలు చెయ్యాలని సుప్రీంకోర్టు 2021 జూన్ 29న చెప్పాక ఇది డీలర్ ఇష్టం కాదు.

పిల్లల బడి, వైద్యం

వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించడం స్థానిక సంస్థ బాధ్యత అని 2009 విద్యా హక్కు చట్టంలో ప్రత్యేకంగా రాసి ఉంది. టీసీ లేదని, బర్త్ సర్టిఫికెట్ లేదని చేర్చుకోమనడానికి వీల్లేదు, వయసుని బట్టి క్లాసులో కూర్చోబెట్టాలి. హెడ్మాస్టర్ కాదంటే మండల విద్యాధికారి. హైదరాబాద్‌లో కొన్ని సర్కారు బళ్ళలో హిందీ మీడియం ఉంది, అది ముందు కనుక్కుంటే పిల్లలు మధ్యలో మానెయ్యరు. పిల్లల చేత పని చేయిస్తున్నారంటే 1098. గర్భిణులకి, చిన్నపిల్లలకి అంగన్‌వాడీ ఉంది, బస్తీ దవాఖానాలో ఫ్రీగా చూస్తారు, పెద్ద రోగమైతే ఊరి ఆయుష్మాన్ కార్డు ఇక్కడి లిస్టులో ఉన్న ఆస్పత్రిలో పనిచేస్తుంది, ఆరోగ్యశ్రీ మాత్రం ఇక్కడివాళ్ళకే.

సొంత రాష్ట్రం ఏమీ చెయ్యక్కర్లేదా అంటే చెయ్యాలి. కొత్త కోడ్లు వచ్చేదాకా ఉన్న 1979 వలస కార్మికుల చట్టంలో కాంట్రాక్టర్‌కి రెండు చోట్లా లైసెన్స్ ఉండాలని ఉండేది, కూలీల్ని తీసుకుపోయే రాష్ట్రంలోనూ, దింపే రాష్ట్రంలోనూ. ఆ లెక్క ఊరి దగ్గర సరిగ్గా రాసి ఉంటే 2020లో ఎంతమంది ఎక్కడున్నారో తెలీక తడుముకునేవాళ్ళం కాదు. కొత్త కోడ్‌లో సొంతంగా వచ్చినవాళ్ళని కూడా కలిపారు, మంచిదే, కాని 10 మంది వలస కార్మికులున్న చోటికే వర్తిస్తుంది అన్నారు, అంతకుముందు 5 ఉండేది, చిన్న గుంపులు బయటే ఉండిపోతాయి, అది తప్పనే నా అభిప్రాయం. పాలమూరు వాళ్ళు హైదరాబాద్‌లో పని చేస్తే వేరే రాష్ట్రం కిందికి రాదు కాబట్టి ఈ వలస చట్టం వర్తించదు, కాని పైన చెప్పిన కూలి, ప్రమాదం, సెస్ మాత్రం అందరికీ ఒకటే.

మీరే ఇల్లు కట్టిస్తుంటే మేస్త్రీకి ఇచ్చే ప్రతి పేమెంట్ అకౌంట్‌లో వెయ్యండి, గుంపులో వాళ్ళ పేర్లు, ఆధార్‌లో ఉన్న ఊరు, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబర్ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, స్లాబ్ రోజు మీరే వెళ్ళి వాళ్ళ ముందు కూలి లెక్క చూడండి. అపార్ట్‌మెంట్ కొనేవాళ్ళు బుకింగ్ టైంలో ఫ్లోరింగ్ గురించి అడిగినట్టే సైట్‌లో కూలీలు ఎక్కడ ఉంటున్నారో, బాత్రూంలు ఉన్నాయో లేదో కూడా అడగండి, కొనేవాళ్ళు అడిగితే బిల్డర్ జవాబు చెప్పే తీరే వేరు.

చివర్లో ఓటు. ఏళ్ళ తరబడి ఇక్కడే ఉండేవాళ్ళు ఫారం 8 పెట్టి ఓటు ఇక్కడికి మార్చుకోవచ్చు. ఊరి ఓటు పోతుందని చాలామంది ఇష్టపడరు, స్థలమో పింఛనో దాంతో ముడిపడి ఉందని భయం, వాళ్ళని బలవంతం చెయ్యకండి. మార్చుకోడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళకి మాత్రం అద్దె ఇంటి ఓనర్ అడ్రస్ ప్రూఫ్ ఇవ్వకపోతే బూత్ లెవెల్ ఆఫీసర్‌ని షెడ్ దగ్గరికే వచ్చి వెరిఫై చెయ్యమని అడగండి.